పేరు సరిగ్గా పలకడమే మా పని

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ క్రీడల పేజీలో బాక్సింగ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. అందులో రింగ్‌లో బాక్సర్ల పేర్లూ ఫలితాలూ ప్రకటించే రింగ్ అనౌన్సర్‌ని "గొంతు చించుకుని జనాన్ని రెచ్చగొట్టేవాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇరవై రెండేళ్లుగా ఆ పనే చేస్తున్నవాణ్ని. ఆ మాట మనసుకు కష్టంగా తోచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

గొంతెత్తడం మా పనిలో ఆఖరి అర నిమిషం. అసలు పని అంతకు కొన్ని గంటల ముందే మొదలవుతుంది. బాక్సర్లు చేతులకు బ్యాండేజీలు చుట్టించుకుంటుండగా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "మీ పేరు మీరే ఒకసారి చెప్పండి" అంటాను. విన్నది విన్నట్టు అట్టముక్క మీద రాసుకుంటాను. విరవాల్సిన చోట గీత, సాగదీయాల్సిన చోట చుక్క, కింద బరువు, నిక్కరు రంగు, గెలుపోటముల లెక్క. రాసింది మళ్లీ వాళ్లకే చదివి వినిపిస్తాను. ఓసారి తొలి పోటీకి వచ్చిన కుర్రాడి పేరు రెండుసార్లు తప్పు పలికాను. "ఫర్లేదు సార్, ఎలా అన్నా ఫర్లేదు" అన్నాడు నేల చూస్తూ. మూడోసారి కుదిరింది. తలెత్తి, "ఆఁ, అదీ!" అన్నాడు. ఆ అట్టముక్క ఇప్పటికీ నా దగ్గరుంది.

మూడు గెలిచి పంతొమ్మిది ఓడినవాడు చిన్న పోటీకి వస్తే "22 పోటీల అనుభవం ఉన్న" అని పరిచయం చేస్తాను. అది అబద్ధం కాదు. దెబ్బలు తినడానికి సిద్ధపడి తాళ్ల మధ్యనుంచి లోపలికొచ్చిన మనిషికి ఆ మాత్రం మర్యాద దక్కాలి.

పేరు చిన్న విషయం కాదు. 1967లో హ్యూస్టన్‌లో జరగబోయే పోటీకి ముందు ప్రత్యర్థి బాక్సర్ ఎర్నీ టెరెల్ మహమ్మద్ అలీని కాసియస్ క్లే అనే పాత పేరుతో పిలిచాడు. 15 రౌండ్ల ఆ పోటీలో అలీ "నా పేరేంటి?" అని అడుగుతూ అడుగుతూ కొట్టాడు. లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ ఆడిటోరియంలో అనౌన్సర్ పెద్ద జిమ్మీ లెనన్ మెక్సికన్ బాక్సర్ల పేర్లను స్పానిష్‌లో ఎలా పలకాలో అలాగే పలికేవాడు. అక్కడి జనం ఆయన్ని తమవాడిగా చూసుకున్నారంటే అందుకే. ఆయన కొడుకు కూడా ఇదే వృత్తిలో పెద్దపేరు తెచ్చుకున్నాడు. అంతకు ముందు తరంలో న్యూయార్క్‌లో జో హంఫ్రీస్ అనే అనౌన్సర్ మైకు లేకుండానే పెద్ద పెద్ద సభల్ని నిశ్శబ్దం చేసేవాడు. అది ఎలాంటి గొంతో నేను ఊహించుకోలేను.

ఇక మీ వ్యాసంలో పేరొచ్చిన అనౌన్సర్ మైకేల్ బఫర్. "లెట్స్ గెట్ రెడీ టు రంబుల్" అనే ఒక్క మాటనీ, దానికి ఆయన తీసుకున్న ట్రేడ్‌మార్కునీ మీరు రాశారు. 1982లో ఆయన ఈ పనిలోకి ఎందుకొచ్చాడో రాయలేదు. ఎవరో అనౌన్సర్ టీవీలో స్ప్లిట్ డెసిషన్‌ని, అంటే జడ్జీలు ఒక్కమాట మీద లేని తీర్పుని, చప్పగా చదివేస్తుంటే చూసిన కొడుకు, "నాన్నా, ఇది నువ్వు చేయగలవు" అన్నాడని ఆయనే చెప్పుకున్నాడు. మాలాంటివాళ్లకు ఆ కథే ముఖ్యం. ముగ్గురు జడ్జీల్లో ఒకరు వీళ్లవైపు, ఒకరు వాళ్లవైపు ఉన్నప్పుడు మూడో స్కోరును ఆఖరికి ఉంచాలి. ఛాంపియన్‌షిప్ అయితే పేరుకన్నా ముందు 'అండ్ స్టిల్' (పాత ఛాంపియనే) అంటామా, 'అండ్ ద న్యూ' (కొత్త ఛాంపియన్) అంటామా అన్న దానిలోనే అంతా తేలిపోతుంది. ఆ మాట కోసం ఇద్దరు మనుషులు రిఫరీకి చెరోపక్క చేతులు అప్పగించి నిలబడి ఉంటారు.

అక్కడ తప్పు జరిగితే ఎంత నరకమో నాకు తెలుసు. ఈ పనిలో నా పదకొండో ఏట అనుకుంటాను, చేతికొచ్చిన స్కోరు కాగితంలో ఇద్దరు బాక్సర్లకు కేటాయించిన ఎరుపు మూలనీ నీలం మూలనీ తారుమారుగా చదివాను. గాల్లోకి లేచిన చేయి మళ్లీ దిగింది. తప్పు పూర్తిగా నాదే. ఆ బాక్సర్ దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాను, ఆయన ఒక్క మాటా అనలేదు. 2024 మేలో పెర్త్‌లో ఛాంపియన్ నీనా హ్యూస్ గెలిచిందని ముందు ప్రకటించి, ఆ వెంటనే ఆమె ప్రత్యర్థి చెర్నెకా జాన్సన్ విజేత అని దిద్దుకోవాల్సి వచ్చినప్పుడు ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను. బెల్టు నిలిచిందనుకుని సంబరపడిన మనిషి ముఖం అది. నా తప్పు తర్వాత నుంచి కాగితం అందగానే పేర్ల మీద వేలు పెట్టి, "ఏ మూల?" అని పోటీని పర్యవేక్షించే సూపర్‌వైజర్‌ని అడిగి, ఆయన నోటితో చెప్పాకే మైకు అందుకుంటున్నాను. జనం ఎంత కేకలేసినా తొందరపడను.

ఇంకొక పని కూడా ఉంది, దాని సంగతి ఎవరూ రాయరు. బాక్సింగ్‌లో పనిచేసినవారు ఎవరైనా పోతే, పోటీల మధ్యలో అందర్నీ లేచి నిలబడమని, పోయినవారి పేరు చదువుతాం. తర్వాత గంట పదిసార్లు మోగుతుంది, మెల్లగా. ఆ పదిసార్లూ మోగేదాకా మేం నోరు విప్పం.

మీ వ్యాసంలో ఒకే బాక్సర్ పేరు మూడు చోట్ల మూడు రకాలుగా అచ్చయింది. ఆ యువకుణ్ని నేను రెండుసార్లు రింగ్‌లో పరిచయం చేశాను, మూడింట్లో ఏదీ సరైంది కాదు. ఇకమీద పోటీల ఫలితాలు వేసేటప్పుడు గెలిచినవారి పేరూ ఓడినవారి పేరూ వాళ్లు పలికినట్టే వేయమని నా విన్నపం. మీ విలేకరి పోటీకి వస్తే నా అట్టముక్కలు చూసి రాసుకోవచ్చు. రింగ్ మెట్ల పక్కనే కూర్చుని ఉంటాను.

ఇట్లు
మీ పాఠకుడు,
ఒక రింగ్ అనౌన్సర్