నాన్న తొడ లోపలికి చూశాను

ఒరేయ్ గడియారం,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, పడతాను. అయినా ఆలస్యం గురించి నీకు సంజాయిషీ చెప్పుకోవలసి రావడం నా ఖర్మ. ఇక్కడ అందరం కులాసా. ఉద్యోగం అదే, ఇల్లు అదే, చిన్నదానికి పాలపళ్ళు ఊడుతున్నాయి. కబుర్లు అయిపోయాయి.

నిన్న నాన్న తొడ లోపల ఏముందో కళ్ళారా చూశానురా!

ఆయన కాలు జారి పడి మూడు వారాలు మంచాన ఉన్నారని రాశాను కదా. రాయలేదేమో. సరే, ఇప్పుడు రాశాను. ఎముకలు బాగానే ఉన్నాయి. బరువు అరకిలో కూడా తగ్గలేదు. "నాకేం, గట్టివాణ్ణి" అంటారు. కానీ కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనిస్తున్నారు. డబ్బా మూత ఏదైనా బిగుసుకుంటే, మాట్లాడకుండా నా ముందు పెట్టి వెళ్ళిపోతున్నారు. అది చూసే బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

ముందు చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమన్నారు. 15 సెకన్లు దాటితే కాళ్ళలో బలం తగ్గినట్టేనట. 19 పట్టింది. పిడికిలి బిగించి నొక్కే పరికరం 24 కిలోలు చూపింది. మగవాళ్ళకు 27 కంటే తక్కువైతే అనుమానించాలట. మనిద్దరి చేతులనూ ఒక్క ఊపులో బల్లకు ఆనించిన చెయ్యిరా అది! (నీ చొక్కా గుండీ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదులే.)

తరువాత అల్ట్రాసౌండ్. నిలబడినప్పుడు కాళ్ళలోకి దిగిన నీరు సర్దుకోవాలని కాసేపు కదలకుండా పడుకోబెట్టారు. తుంటి ముందు ఎముక నుంచి మోకాలి చిప్ప దాకా టేపు పెట్టి, సరిగ్గా సగంలో పెన్నుతో గీత గీశారు. తెర మీద పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద కండ, అడుగున తెల్లని విల్లులా తొడ ఎముక. ఆరోగ్యంగా ఉన్న కండ నల్లగా, సన్నని తెల్ల గీతలతో కనిపిస్తుందట. నాన్నది మంచు పట్టిన అద్దంలా ఉంది. కండలోకి కొవ్వూ నారా చేరేకొద్దీ ధ్వని ఎక్కువగా తిరిగొచ్చి అలా తెల్లబడుతుందట. త్రాసుకు కండేదో కొవ్వేదో ఏం తెలుసు? ఇది మూడు వారాల్లో వచ్చింది కాదు, ఏళ్ళ తరబడి జరుగుతున్నదాన్ని మంచం ఒక తోపు తోసిందన్నారు. నేను రోజూ చూస్తున్న మనిషే కదరా. ఎలా...

సరే, నవ్వొచ్చే సంగతి విను. చూసిన కుర్రడాక్టరు కండ మందం 1.6 సెంటీమీటర్లన్నాడు. నా గుండె జారిపోయింది. పెద్దావిడ వచ్చి "అంత నొక్కితే నలగదూ?" అని, ఇంకాస్త జెల్ పోసి, తాకీ తాకనట్టు పెట్టింది. 2.1! నాన్న తల ఎత్తి, "చెయ్యి తేలిస్తే కండ పెరుగుతుందా? అయితే అలాగే తేలుస్తూ ఉండండి" అన్నారు.

2.1 మంచిదా చెడ్డదా అని అడిగాను. ఇంత ఉంటే సరి అని అందరూ ఒప్పుకున్న అంకె ఇంకా లేదట. ఆయనకు ఆయనతోనే పోలిక. అందుకే పెన్ను గీత ఎక్కడ పెట్టారో రాసుకున్నారు, మూడు నెలల తరువాత మళ్ళీ అక్కడే చూస్తారు. ఇలా వయసుతో కండా బలమూ తగ్గిపోవడాన్ని సార్కోపీనియా అంటారట. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ పెట్టిన పేరు, గ్రీకులో మాంసలేమి అని. పుట్టిన జబ్బుకు పేరు ఎంత ఆలస్యంగా దొరికిందో చూడు, నీకంటే ఆలస్యం.

మందు ఏమిటంటే కసరత్తే. 90 ఏళ్ళ వాళ్ళ చేత ఎనిమిది వారాలు బరువులు ఎత్తించినా కాళ్ళ బలం బాగా పెరిగిందని 1990లోనే తేల్చారట. అది విని నాన్న "అయితే నాకింకా 14 ఏళ్ళ గడువుంది" అన్నారు. ఈ ఉదయమే మొదలుపెట్టాం. ఆయన పది సార్లు లేచానంటారు, నా లెక్కకు ఎనిమిదే.

నువ్వూ ఒకసారి చేతులు కట్టుకుని కుర్చీలోంచి... అదిగో పిలుస్తున్నారు, రెండో విడతట. ఉంటాను.

నీ
తొండి