మాటల్లేని పాట ఒక గంట వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

2020 లాక్‌డౌన్ నుంచి నేను భీమవరంలో మా ఇంట్లోనే కూర్చుని మెడికల్ కోడింగ్, అంటే పేషెంట్ల రికార్డులు చదివి ఇన్సూరెన్స్ క్లెయిముల కోసం జబ్బులకి కోడ్ నంబర్లు వేసే పని చేస్తున్నానండి, చెవిలో ఇయర్‌ఫోన్స్ కనిపిస్తే చాలు మా అత్తయ్యగారి దగ్గర్నుంచి ఆఫీసులో పైవాళ్ళ దాకా అందరిదీ ఒకటే మాట, పాటలు వింటూ ఇంక పనేం చేస్తావమ్మా అని.

పొద్దున పదింటికి లాగిన్ అయ్యేసరికి పక్కింట్లో టైల్స్ కోసే మిషను, వంటింట్లో మిక్సీ, హాల్లో సీరియలు, వీధిలో మైకు పెట్టుకుని ఉల్లిపాయల ఆటో, వీటన్నిటి మధ్య ఒక పేషెంట్ చార్టు మొదట్నుంచి చివరిదాకా చదవాలి. మాకు విడిగా గది లేదు, ఆ ఇయర్‌ఫోన్సే నాకు తలుపు.

అలాగని ఏ పాట పడితే ఆ పాట పనికిరాదు, ఇది దెబ్బతిన్నాకే తెలిసింది. మొదట్లో సినిమా పాటలు పెట్టుకునేదాన్ని, ఒకరోజు ఎడమ మోకాలి అరుగుదలకి ఎం17.12 కోడ్ వేయాల్సింది పోయి ఎం17.11 అని కుడి మోకాలిది వేసేశాను, ఆడిట్‌లో దొరికింది. అదృష్టం కొద్దీ క్లెయిమ్ బయటికి వెళ్ళలేదు. ఆ టైంలో చెవిలో పల్లవి నడుస్తోంది. చదివే మాటలూ పాటలో మాటలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, పైగా మన భాష పాటైతే వద్దన్నా అర్థమైపోతుంది కదా, మనసు అటే లాగుతుంది. అంకెలు ఒక షీట్ నుంచి ఇంకో షీట్‌కి ఎక్కించే పనైతే పాత సినిమా పాటలు హాయిగా సరిపోతాయి, అవి లేకపోతే నిద్రొస్తుంది కూడా. చార్టులు చదివేటప్పుడు మాత్రం అప్పట్నుంచి వీణ, వయొలిన్, మాండొలిన్, అంతే.

మాండొలిన్ శ్రీనివాస్ గారిని నేను విన్నది అలాగే. మా పక్కనే పాలకొల్లులో 1969లో పుట్టి, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి, 2014లో 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు. ఇంత దగ్గర మనిషిని బతికుండగా ఒక్కసారైనా వినలేదే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంకోటి, సౌండు. టైల్స్ మిషను వినపడకూడదని పెంచుకుంటూ పోయి సాయంత్రానికి చెవిలో గుయ్‌మని మోత, భయమేసింది. పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, మా డ్యూటీ సరిగ్గా అన్ని గంటలే మరి. ఇప్పుడు సగానికి తగ్గించేశాను, మిక్సీ వేసేటప్పుడు లేచి కాఫీకి వెళ్తాను.

నేను అడిగేది ఒక్కటే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ కోసమే బీబీసీ 1940లో రేడియోలో ఒక సంగీతం ప్రోగ్రాం మొదలుపెట్టి 1967 దాకా నడిపింది. పొద్దున్నే భక్తిరంజనితో మన ఇళ్ళని నిద్రలేపిన విజయవాడ ఆకాశవాణి, పదకొండు నుంచి పన్నెండు దాకా మధ్యలో ప్రకటనలూ మాటలూ లేకుండా వట్టి వాద్య సంగీతం వేస్తే ఎంత బాగుంటుందండీ. ఫోన్లో ఆకాశవాణి వినడానికి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఉంది కాబట్టి హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇంట్లో కూర్చుని పనిచేసే మనవాళ్ళు కూడా వింటారు. దయచేసి ఈ సంగతి మీ పేపర్ ద్వారా ఆకాశవాణి వాళ్ళ దాకా చేర్చండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, భీమవరం