పాఠం చెప్పడానికి టూరిస్టు వీసానా?

సంపాదకుడికి,

మా హనుమకొండలో కోచింగ్ సెంటర్లున్న వీధుల్లో కరెంటు స్తంభాలకు ఈమధ్య కొత్త రకం కాగితాలు కనబడుతున్నాయి. ‘థాయ్‌లాండ్, వియత్నాంలో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగాలు. డిగ్రీ చాలు, ఎక్స్‌పీరియన్స్ అక్కర్లేదు’ అని రాసి కింద ఒక ఫోన్ నంబరు ఇస్తారు. ఆఫీసు అడ్రసు ఉండదు. ఆ నంబర్లకు ఫోన్ చేసేది ఎక్కువగా ఎంఏ ఇంగ్లిష్, బీఈడీ చేసిన పిల్లలే. వాళ్లను తప్పుపట్టలేం. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత టీచర్ల నియామక పరీక్ష మళ్లీ జరిగింది 2024లోనే. ఈలోగా ప్రైవేటు స్కూళ్లలో చాలీచాలని జీతానికి రోజంతా నిలబడి పాఠాలు చెప్పి, ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగినవాళ్లు వీళ్లు. నెలకు 25 వేల బాట్లు, అంటే మన లెక్కలో 60 వేల పైమాటే అంటే ఆశ పడరా?

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి పోయిన నెల అలాంటి ఆఫర్ లెటర్ ఒకటి తెచ్చి చూపించింది. రెండు పేజీలు, పైన రంగుల లోగో. స్కూలు పేరు ఉండాల్సిన చోట ‘మా పార్ట్‌నర్ స్కూల్’ అని ఉంది. ఏ ఊళ్లోనో రాయలేదు. వారానికి ఎన్ని పీరియడ్లంటే ‘అవసరాన్ని బట్టి’ అట. సెలవుల్లో జీతం ఇస్తారా లేదా అన్న ఊసే లేదు. వీసా సంగతి మాత్రం దాచుకోకుండా రాశారు: ముందు టూరిస్టుగా వెళ్లాలి, అక్కడ దిగాక ‘కన్వర్షన్’, అంటే వీసా మార్పు, చేయిస్తారు. వీటన్నిటికీ కలిపి లక్షా ఎనభై వేలు, అందులో సగం వెంటనే కట్టాలి. రసీదు అడిగితే ‘ఫోన్‌పే చేస్తారు కదా మేడం, ఆ స్క్రీన్‌షాటే రసీదు’ అన్నారట. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. అలాంటి ఏజెంటు కూడా అభ్యర్థి దగ్గర తీసుకోదగిన ఫీజు 30 వేలు, ఆపైన జీఎస్టీ, అంతే.

అసలు పద్ధతి వేరు. థాయ్‌లాండ్‌లో టీచరుగా పనిచేయాలంటే నాన్ ఇమిగ్రెంట్ ‘బి’ వీసా, దాని మీద వర్క్ పర్మిట్ ఉండాలి. వాటికి కాగితాలు ఇవ్వాల్సింది చేర్చుకునే స్కూలు. అక్కడి టీచర్స్ కౌన్సిల్ నుంచి లైసెన్సు లేకపోతే తాత్కాలిక అనుమతి తెప్పించేదీ స్కూలే. ఇంగ్లిష్ మాతృభాష కాని దేశాలవాళ్లను టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 600 మార్కులో, దానికి సమానమైన మరో స్కోరో అడుగుతారు. వియత్నాంలోనైతే డిగ్రీకి తోడు ఇంగ్లిష్ బోధనలో సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్ కావాలి, పర్మిట్‌కు దరఖాస్తు పెట్టేది యజమాని. టూరిస్టుగా దిగి క్లాసులో చాక్‌పీస్ పట్టుకుంటే రెండు దేశాల్లోనూ నేరమే. పట్టుబడితే జరిమానా కట్టి ఇంటిదారి పట్టేది టీచరు. ఏజెంటుకేం, ఇక్కడే ఉంటాడు. అక్కడికి వెళ్లాక వీసా మార్చుకున్నవాళ్లు లేరని కాదు. స్కూలు పేరే తెలియని మనిషికి ఎవరు మార్పిస్తారన్నదే నా ప్రశ్న.

థాయ్ స్కూళ్లు మే మధ్యలో తెరుస్తారు, రెండో టర్ము నవంబరు ప్రాంతంలో మొదలవుతుంది. టీచర్ల కోసం వెతికేది ఆ ముందు నెలల్లోనే. ఏ నెలలో అడిగినా ‘అర్జెంటుగా ఇరవై పోస్టులున్నాయి’ అనేవాళ్లను ఏ టర్ముకని అడిగి చూడండి.

నేను అనవసరంగా భయపెడుతున్నానని కొందరు అనుకోవచ్చు. థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని చెప్పి సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల ముఠాలకు అప్పజెబుతున్నారని విదేశాంగ శాఖ 2022లోనే హెచ్చరించింది. 2025 మార్చిలో అక్కడ చిక్కుకున్న 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లకు వేసిన ఎర ఎక్కువగా కంప్యూటర్ ఉద్యోగాలే, టీచర్ పోస్టులని నేననను. కానీ యజమాని పేరు దాచడం, టూరిస్టుగా రమ్మనడం అక్కడా ఇక్కడా ఒకేలా ఉన్నాయి.

సర్టిఫికెట్ల వ్యాపారం ఇంకో తంతు. ‘120 గంటల టెఫెల్’ అనే ఇంగ్లిష్ బోధన సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకే దొరుకుతోంది. ఒక్క పిల్లాడి ముందు నిలబడకుండానే శని, ఆదివారాల్లో ముగించేసిన వాళ్లు నాకు తెలుసు. కేంబ్రిడ్జ్ వారి సెల్టా అనే టీచర్ శిక్షణ కోర్సులో ఆరు గంటల పాటు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. వెనక బెంచీలో ట్రైనరు కూర్చుని తప్పులన్నీ రాసుకుంటారు. కొత్తవాళ్లకు కావాల్సింది అదే, కాకపోతే ఫీజు లక్ష దాటుతుంది.

హైదరాబాద్‌లో మనకు ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పేరుతో మొదలైందే ఇంగ్లిష్ టీచర్లను తయారు చేయడానికి. ఆసియా, ఆఫ్రికా దేశాల ఉద్యోగులు మన ప్రభుత్వ ఖర్చుతో తార్నాకకు వచ్చి ఇంగ్లిష్ నేర్చుకుని వెళ్తుంటారు. వియత్నాం, కంబోడియా, లావోస్‌లలో భారత్ పెట్టిన ఇంగ్లిష్ శిక్షణ కేంద్రాల వెనకా ఈ సంస్థే ఉంది. అదే వియత్నాంలో ప్రైవేటు సెంటర్ల ప్రకటనలు చూస్తే ‘నేటివ్ స్పీకర్స్ ఓన్లీ’! దక్షిణ కొరియా ఇంగ్లిష్ టీచర్ వీసా మామూలుగా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న ఏడు దేశాలవాళ్లకే ఇస్తారు. కానీ 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం వల్ల ఇంగ్లిష్ బోధనకు లైసెన్సు ఉన్న భారతీయులకూ ఆ వీసాకు వీలుంది. ఇన్నేళ్లలో ఆ దారిలో వెళ్లిన తెలుగువాళ్లు ఒక్కరూ నాకు తారసపడలేదు. మన బీఈడీ కాలేజీల్లో ఈ ముక్క చెప్పేవాళ్లే లేరు.

నర్సులను జర్మనీకి, జపాన్‌కు పంపడానికి తెలంగాణలో టామ్‌కామ్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఉంది; రెండూ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే. భాష నేర్పించడం దగ్గర్నుంచి విమానం ఎక్కించేదాకా వాళ్లే చూసుకుంటున్నారు. ఇంగ్లిష్ టీచర్లకూ ఆ పని చేయొచ్చు కదా! విదేశీ స్కూళ్లతో నేరుగా మాట్లాడి పోస్టులు తేవచ్చు. ఇఫ్లూతో కలిసి నెల రోజుల శిక్షణ పెట్టి, అందులో కనీసం పది క్లాసులు ఇక్కడి సర్కారు బడుల్లో చెప్పించవచ్చు, బడి పిల్లలకూ లాభమే. ఇదంతా కుదరడానికి సమయం పడుతుందంటే, ముందు జిల్లా ఉపాధి కార్యాలయంలో వారానికి ఒక రోజు ఒక మనిషిని కూర్చోబెట్టండి. పిల్లలు తెచ్చిన ఆఫర్ లెటర్ చదివి, ఆ స్కూలు నిజంగా ఉందో లేదో, వీసా ఏ రకమో, ఏజెంటు జాబితాలో ఉన్నాడో లేడో చూసి చెప్పాలి. థాయ్ స్కూళ్లు మార్చి, ఏప్రిల్‌లలో టీచర్లను తీసుకుంటాయి కాబట్టి ఈ ఏర్పాటు ఫిబ్రవరిలోపే జరగాలి.

భవదీయుడు,
విశ్రాంత ఇంగ్లిష్ లెక్చరర్, హనుమకొండ