మా పిల్లల కచేరీ డబ్బు గురించి జవాబు చెప్పే మనిషి మీ కంపెనీలో ఒక్కరూ లేరా?

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,

ఈ ఉత్తరాన్ని మీ చాట్‌కో, మీ హెల్ప్ మెయిల్‌కో పంపకుండా నేరుగా మీ హోదా పేరున రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. అక్కడికి పంపినవేవీ ఎవరూ చదవలేదని నాకు ఇప్పుడు తెలుసు.

నేను పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. మా బృందంలోని పిల్లలందరూ పదకొండు నుంచి పదిహేడేళ్ల లోపువాళ్లు. ఆఫ్రికా దేశమైన మలావీ దక్షిణ ప్రాంతంలోని ఒక బడి కోసం వాళ్లు కచేరీ చేశారు. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను ఆ ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. ఆ బడిలో తరగతి గదుల పైకప్పులు ఎగిరిపోయాయి. అక్కడ వానాకాలం నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉంటుంది, కాబట్టి రేకులు వేయాలంటే అంతకు ముందే వేయాలి. టికెట్లన్నీ మీ యాప్ ద్వారానే అమ్మాం. హాలు నిండింది. మీ కమిషన్ టికెట్ అమ్ముడైన రోజే మీరు పట్టుకున్నారు. మిగిలిన డబ్బు మాత్రం ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. ఆ పరిశీలన ఇంకా అవలేదు.

పరిశీలించడం తప్పని నేను అనను. విరాళం పేరుతో మోసాలు జరుగుతాయి, విదేశానికి వెళ్లే డబ్బుకు లెక్క అడగాల్సిందే. పిల్లలకు కూడా ఇదే చెప్పాను. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సితార్ విద్వాంసుడు రవిశంకర్, ఒకప్పటి బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం చేసిన కచేరీ గురించి రిహార్సల్స్‌లో వాళ్లకు వివరంగా చెప్పాను. ఆ రోజు టికెట్ల మీద వచ్చిన సుమారు 2.43 లక్షల డాలర్లు యూనిసెఫ్‌కు చేరాయి. కానీ ముందుగా స్వచ్ఛంద సంస్థ పేరున ఏర్పాట్లు చేసుకోకపోవడంతో, ఆ కచేరీ పాటల రికార్డుల మీద, దాని సినిమా మీద వచ్చిన డబ్బులో చాలా భాగం అమెరికా పన్ను శాఖ దగ్గర ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. అంత పెద్ద కళాకారులకే అలా జరిగింది కాబట్టి, మేం కాగితాల పని పూర్తయ్యాకే టికెట్లు అమ్మకానికి పెట్టాం. బడి రాసిన ఉత్తరం, వాళ్ల బ్యాంకు వివరాలు, మా రిజిస్ట్రేషన్, తల్లిదండ్రుల సంతకాలు అన్నీ మీకు ముందే ఇచ్చాం.

ఆ తర్వాత మీవాళ్లు నన్ను ఎలా తిప్పారో వినండి. మొదట మాట్లాడినాయన బడి రాసిన ఉత్తరం మళ్లీ పంపమన్నారు. పంపాను. తర్వాతి ఆయన, విదేశీ పత్రాలు మేం తీసుకోం అన్నారు. ఇంకొకావిడ అదే ఉత్తరాన్ని ఇంకా పంపలేదేమని నన్నే నిలదీశారు. కచేరీ నిజంగా జరిగిందని రుజువు చూపమంటే వీడియో పంపాను. అందులో మైనర్లు ఉన్నారు కాబట్టి చూడటం కుదరదని తిప్పి పంపారు. పిల్లల కచేరీ వీడియోలో పిల్లలు కాక ఎవరుంటారండీ? ఫోన్ చేస్తే అది పేమెంట్స్ విభాగం పని అంటారు. పేమెంట్స్ వాళ్లు రిస్క్ విభాగం అంటారు. రిస్క్ విభాగానికి ఫోన్ నంబరే లేదట. ఒకాయన లైన్‌లో ఉండమని చెప్పి వెళ్లి మళ్లీ రాలేదు. నేను ఎదురుచూస్తూ ఉండగానే ‘మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు’ అని మెసేజ్ వచ్చింది. ఫిర్యాదు మూసేశారు. మళ్లీ తెరవమంటే, మూసేసినది తెరవలేం, కొత్తది పెట్టండి అన్నారు. కొత్తది పెడితే మళ్లీ మొదటి నుంచి, మళ్లీ బడి ఉత్తరం.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టిన మాట ఒకటుంది. మీ సీనియర్ ఒకాయన, ‘ఇది చారిటీయే కదా మేడమ్, మీ సొంత డబ్బు కాదు కదా, ఎందుకింత టెన్షన్?’ అన్నారు. సొంత డబ్బయితే ఇంత అడిగేదాన్ని కాదు. ఇది పరీక్షల మధ్య కూడా రిహార్సల్స్ మానకుండా పిల్లలు సంపాదించినది.

చివరికి మీ చాట్‌లో ఒక అమ్మాయి నిజం చెప్పింది. ‘మేడమ్, మీ పత్రాలను ఇప్పటివరకు ఎవరూ తెరవలేదు’ అని రాసింది. మీ కంపెనీలో నాతో మనిషిలా మాట్లాడింది ఆ అమ్మాయి ఒక్కతే. దయచేసి ఆమె ఎవరా అని వెతికి శిక్షించకండి. తెరవనే లేదంటే ఇన్నాళ్లూ మీరు పరిశీలించింది ఏమిటి? తిరస్కరించినా ఇంత కోపం వచ్చేది కాదు. మమ్మల్ని చూడను కూడా లేదు.

మేం మీకు కొత్తవాళ్లం కాదు. మా వార్షికోత్సవాల టికెట్లు ఏళ్లుగా మీ దగ్గరే అమ్ముతున్నాం. ఇంకొకరు తక్కువ కమిషన్‌కు అడిగినా, అలవాటైన చోటు అని మిమ్మల్నే నమ్ముకున్నాం. పోస్టర్ మీద మీ లోగో వేశాం. కచేరీ చివర ఫ్లూట్ వాయించిన అబ్బాయి మీ కంపెనీ పేరు చెప్పి మరీ కృతజ్ఞతలు చెప్పాడు, హాలంతా చప్పట్లు కొట్టింది. ఇప్పుడు ప్రతి క్లాసుకూ వచ్చి, ‘టీచర్, డబ్బు వెళ్లిందా?’ అని అడిగేది కూడా వాడే. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు మొదట్లో మర్యాదగా అడిగేవారు. ఇప్పుడు అడగడమే మానేశారు. మేం మాట తప్పామని ఆయన అనుకుంటున్నారేమోనని నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

ఈ ఉత్తరం అందిన వారం లోపు ఆ డబ్బు బడి ఖాతాకు చేరాలి. మీరు పట్టుకున్న కమిషన్ కూడా వెనక్కివ్వాలి, దాంతో ఇంకొన్ని రేకులొస్తాయి. పిల్లలకు మీరు క్షమాపణ రాయాలి, సంతకంతో, పేరుతో. లేకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. టికెట్ కొన్న ప్రతి ఒక్కరినీ తమ బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడగమంటాను. మేం మాట్లాడిన చాట్‌లన్నీ దాచాను, పత్రికలకు ఇస్తాను. అప్పటికీ ఎవరూ పలకకపోతే తల్లిదండ్రులతో, పిల్లలతో, వాయిద్యాలతో మీ ప్రధాన కార్యాలయం ముందుకే వస్తాం. అక్కడ మళ్లీ కచేరీ చేస్తాం, ఎవరి కోసం చేస్తున్నామో, ఎందుకు చేయాల్సి వచ్చిందో పాటపాటకూ మైకులో చెబుతాం.

బడి ఉత్తరం మరో కాపీ దీనికి జత చేశాను. ఈసారైనా తెరిచి చదవండి.

ఇట్లు,
పిల్లల వాద్య బృందం సంగీత ఉపాధ్యాయురాలు