హనుమకొండకు వచ్చేద్దామా అని అడిగావు కదా

బిడ్డా,

నీకు మడికొండ ఆఫీసుకు మారే వీలుందని, రావాలా వద్దా అని నువ్వూ అల్లుడూ తేల్చుకోలేకపోతున్నారని మీ అమ్మ చెప్పింది. మా కోసమని మాత్రం రాకండి, మేం బాగానే ఉన్నాం. ఇక్కడ మీ ముగ్గురి బతుకు ఎట్లా ఉంటుందో చూసుకుని నిర్ణయించుకోండి. నాకు తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు టైం సంగతి. హనుమకొండలో ఉంటే కాజీపేట దాటగానే మీ ఆఫీసు. రోజూ ట్రాఫిక్‌లో పోయే టైమంతా మిగులుతుంది. సాయంత్రం చిన్నోణ్ణి భద్రకాళి చెరువు కట్ట మీద తిప్పుకొచ్చినా, ఇంటికొచ్చి వేడిగా వండుకునే ఓపిక ఉంటుంది. హైదరాబాద్‌లో నిన్ను చూసినప్పుడల్లా నాకు బెంగ కలిగేది దీని గురించే. రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరడం, వాడు అప్పటికే నిద్రపోయి ఉండటం.

వాడికి చూపించడానికి ఇక్కడ ఎన్ని ఉన్నాయో! వేయిస్తంభాల గుడిలో కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు, గుర్తుందా? నువ్వు బడికి పోయే రోజుల్లో ఆ స్తంభాలూ దూలాలూ నంబర్లు వేసి పేర్చి ఉండేవి. ఇవన్నీ మళ్లీ ఎప్పుడు నిలబెడతారని అడిగేదానివి. 2024 మార్చిలో మండపం తెరిచారు. నల్లరాతి స్తంభాలకు అంత నునుపు ఎట్లా తెచ్చారో, దగ్గరగా నిలబడితే మనిషి నీడ మసగ్గా కనపడుతుంది. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది. పొద్దున్నే బయల్దేరితే రామప్ప, లక్నవరం చూసి చీకటి పడకముందే ఇంటికి రావచ్చు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు గానీ, మామూలు రోజుల్లో పోతే తీరిగ్గా చూడవచ్చు.

ఇక అల్లుడి ఉద్యోగం. కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి 2023లో శంకుస్థాపన చేశారు. గీసుగొండ వైపు టెక్స్‌టైల్ పార్కు ఉంది. అయినా అతని లైన్‌లో పెద్ద జీతాలు ఇప్పటికీ హైదరాబాద్‌లోనే. ఇక్కడ చేతికి ఆఫర్ రాకుండా ఉన్నది వదులుకోవద్దని చెప్పు. కావాలంటే కొన్నాళ్లు కాజీపేట నుంచి రైల్లో వెళ్లి రావచ్చు, సికింద్రాబాద్ రెండు గంటల ప్రయాణం. మామునూరు ఎయిర్‌పోర్టును నమ్ముకుని మాత్రం ఇప్పుడే లెక్కలు వేసుకోకండి. పెద్ద జబ్బులకు ఇక్కడివాళ్లు ఇప్పటికీ హైదరాబాద్ పరుగెత్తుతున్నారు, అది కూడా మనసులో పెట్టుకోండి.

ఇల్లు కొనే విషయంలో మాత్రం నా మాట వినాలి. కాకతీయులు ఈ నేల మీద చెరువులను గొలుసుగా కట్టారు. పైచెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కిందిచెరువుకు చేరాలి. ఊరు పెరిగిన కొద్దీ మనం ఆ దారుల్లో ఇళ్లు కట్టుకున్నాం. 2023 జూలైలో నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, పోతననగర్ దగ్గర భద్రకాళి కట్టకు గండి పడింది. ఊరు బాగుపడుతోందని సంబరపడే నాకు, నాలా పక్కన కొత్త అపార్ట్‌మెంట్ లేస్తుంటే కడుపు మండుతుంది. నాలాలూ చెరువులూ కాపాడుకుంటేనే ఇక్కడ సుఖంగా ఉండగలం. ప్లాటు అమ్మేవాళ్లు ఎండాకాలంలో తీసుకెళ్లి చూపిస్తారు. కాగితాల్లో శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, కాదని ఉన్నా సరిపోదు. గోడల మీద నీటి చారలు చూడాలి, ఆ వీధిలో పాతకాపులను అడగాలి.

అందుకే ఆగస్టులో, వానలు పడుతున్నప్పుడు ఒక శని ఆదివారం చూసుకుని ముగ్గురూ రండి. సుబేదారి వైపు కాస్త ఎత్తున ఉన్నచోట రెండు మూడు కిరాయి ఇళ్లు చూసి పెడతాను. కొనే మాట ఏడాది ఉండి చూశాకే. వీలైతే బతుకమ్మకు కూడా సెలవు పెట్టుకో. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర నువ్వు ఆడక ఎన్నేళ్లయిందో అని మీ అమ్మ అంటోంది. చిన్నోడి స్కూలు ఫీజులు, అడ్మిషన్ల సంగతి ఈ వారంలో కనుక్కుని ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ నాన్న