రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ: ఆ ఇంజిన్ బ్రిటిష్ వాళ్ళది కాదండీ

గౌరవనీయులైన రైల్వే మంత్రి గారికి నమస్కారం.

మా ఊరి స్టేషన్ బయట దిమ్మె మీద నిలబెట్టిన ఆవిరి ఇంజిన్ గురించి కింది ఆఫీసు నుంచి పై ఆఫీసు దాకా అందరికీ రాశాను. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారా అని వెళ్లి చూస్తే ఇంజిన్ నిండా ఎర్ర రంగు, వెండి రంగు పులిమి ఉన్నాయి. బోర్డు మాత్రం అలాగే ఉంది. 'బ్రిటిష్ కాలం నాటి ఆవిరి ఇంజిన్' అట.

సార్, అది వైజీ ఇంజిన్. మీటర్ గేజ్ గూడ్స్ ఇంజిన్. ఆ మోడల్ పట్టాలెక్కిందే స్వాతంత్ర్యం వచ్చాక. పైగా ఇది జంషెడ్‌పూర్‌లో టాటాల ఇంజిన్ల కంపెనీ టెల్కో చేసిన ఇంజిన్, పక్కన ఇత్తడి పలక ఉన్న రోజుల్లో నేనే చదివాను. తర్వాత ఆ పలకను ఎవరో ఊడబీక్కుపోయారు. చక్రాలను కలిపే రాడ్ మీద సుత్తితో కొట్టిన ఇంజిన్ నెంబరు ఒక్కటే మిగిలింది, ఇప్పుడు దాని మీద కూడా రెండు పూతల రంగు పడింది. వేలితో తడిమితే తప్ప తెలియడం లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటారేమో. మా పెదనాన్న టెల్కో బాయిలర్ షాపులో పనిచేశారు. రివెట్ల మోతకి నలభై ఏళ్ళు దాటేసరికే ఆయనకి చెవులు సరిగ్గా వినపడేవి కావు. పొట్ట చేతబట్టుకుని శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి జంషెడ్‌పూర్‌లో బతికిన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలియంది కాదు. వాళ్ళ చేతి పనిని పట్టుకుని బ్రిటిష్ వాళ్ళదని రాస్తే ఎలా ఊరుకోమంటారు?

బ్రిటిష్ వాళ్ళ కాలంలో మాత్రం మనవాళ్ళకి చేతకాకనా? 1895లోనే అజ్మీర్ వర్క్‌షాపులో ఎఫ్-734 అనే ఇంజిన్ చేశారు, ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. 1899లో జమాల్‌పూర్‌లో 'లేడీ కర్జన్' అనే ఇంజిన్ చేశారు. అదే జంషెడ్‌పూర్ దగ్గర 1921లో పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ పెడితే ప్రభుత్వం ఆర్డర్లు ఇవ్వక ఒక్క ఇంజిన్ కూడా బయటికి రాలేదు. 1945లో ఆ షాపులనే టాటాలు కొని టెల్కో పెట్టారు. 1950 నవంబర్ 1న బెంగాల్‌లోని రైల్వే ఇంజిన్ల కర్మాగారం చిత్తరంజన్‌లో మొదటి ఇంజిన్ 'దేశబంధు'ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారే స్వయంగా దేశానికి అంకితం చేశారు, 1972లో ఆపేదాకా అక్కడ తయారైన ఆవిరి ఇంజిన్లు 2351. ఇదంతా మీ శాఖ రికార్డుల్లో ఉన్నదే, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మరి స్టేషన్ ముందు పిల్లలు చదివే బోర్డు మీదికి ఎందుకు రాలేదు?

షెడ్డు సంగతి కూడా చెప్పాలి. వేస్తామని అధికారులు నా ఎదురుగానే అన్నారు, ఎన్ని వానాకాలాలు పోయాయో. పొగగొట్టం మీద మూత లేదు. వాన నీళ్ళు నేరుగా ఇంజిన్ ముందు భాగంలో పొగ చేరే స్మోక్ బాక్స్‌లోకి దిగి, అడుగున పేరుకున్న పాత మసితో కలిసి రేకుని తినేస్తున్నాయి. కింద నుంచి చూస్తే చిల్లుల్లోంచి వెలుతురు కనపడుతోంది. డ్రైవరు నిలబడే చోట నేల పుచ్చిపోయింది, వెనక బొగ్గు, నీళ్ళు మోసే టెండర్‌లో నీళ్ళు నిలిచి దోమలు. పైన ఎంత రంగు వేస్తే ఏం లాభం సార్, లోపల ఇనుము పొరలు పొరలుగా రాలుతుంటే?

హర్యానాలోని రేవారి షెడ్‌లో ఆవిరి ఇంజిన్లని నడిచే స్థితిలో ఉంచుతున్నది కూడా మన రైల్వేనే కదా. మా ఇంజిన్‌ని నడపమని నేను అడగడం లేదు. అది కూలిపోకుండా చూడండి చాలు. పొగగొట్టానికి మూత పెట్టించడానికి ఏం ఖర్చవుతుంది? షెడ్డు వేయించండి. రాడ్ మీద రంగు గీకించి నెంబరు చూడమనండి. ఆ నెంబరు పట్టుకుని రికార్డులు తీయించి ఏ ఏడాది తయారైందో బోర్డు మీద రాయించండి, తెలుగులో కూడా. ఎవరు చేశారో రాయించండి. దయచేసి ఆ 'బ్రిటిష్ కాలం' అన్న మాట ముందు తీయించండి.

ఈసారైనా ఫిర్యాదు మూసేసే ముందు ఎవరినైనా ఒకసారి స్టేషన్‌కి పంపండి సార్. నేను వచ్చి అన్నీ చూపిస్తాను.

ఇట్లు,
టెల్కో కార్మికుడి తమ్ముడి కొడుకు