గట్టున కూర్చున్న జంటను పెళ్లి రుజువు అడగొద్దు

సంపాదకులకు నమస్కారం.

మాది గుంటూరు, పట్టాభిపురం. నా పుట్టిల్లు విజయవాడ సత్యనారాయణపురం. నేను కొత్తపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మావారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు ముహూర్తం పెట్టించుకుని పోయినేడు పెళ్లి చేసుకున్నాం. నది ఒడ్డున, పార్కుల్లో కూర్చున్న భార్యాభర్తలను "మీకు పెళ్లయిందని రుజువేంటి" అని అడగడం మాన్పించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా, పార్కులెందుకు అని మీ పాఠకుల్లో చాలామంది అంటారు. మాది రెండు గదుల పోర్షను. ముందు గదిలో మామయ్యగారి మంచం, టీవీ. వెనక గదిలో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న మా ఆడపడుచు పుస్తకాలు. రాత్రి ఆ పుస్తకాలు సర్దేసి ఆమె అత్తయ్య పక్కన ముందు గదిలో పడుకుంటుంది, వెనక గది మాకిస్తారు. మధ్యలో తలుపుంది కానీ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కూడా అవతలికి వినిపిస్తుంది. సీజన్లో మావారు టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క చూసుకుని ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతుంది. బట్టల నిండా మిరపకాయల ఘాటు. బయటే చొక్కా విప్పి బకెట్లో నానేస్తే గానీ ఇంట్లో అందరికీ తుమ్ములే తుమ్ములు. స్నానం, భోజనం అయ్యేసరికి మామయ్యగారు నిద్రపోతారు, ఇక గుసగుసలే. జీతాలు ఎలా సర్దుకోవాలి, మామయ్యగారి కంటి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి, పిల్లలు ఇప్పుడే కావాలా, వేరే ఇల్లు చూసుకుంటే అత్తయ్య బాధపడతారా... ఇవన్నీ గుసగుసల్లో తేలే సంగతులా? అలాగని మా ఇంట్లో వాళ్లమీద నాకే కోపమూ లేదు. మా ఆదాయానికి ఉన్న ఇల్లు అది. గుంటూరులో, బెజవాడలో ఇలాంటి ఇళ్లలో కాపురాలు చేసుకుంటున్నవాళ్లు వేలల్లో ఉంటారు.

ఇక జరిగిన సంగతి చెబుతాను.

పెళ్లయ్యాక మొదటి ఆషాఢం వచ్చింది. ఆనవాయితీ ప్రకారం నన్ను పుట్టింటికి పంపారు. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తారింట్లో అడుగు పెట్టకూడదు. మా రెండిళ్లలోనూ ఆ పట్టింపు గట్టిగానే ఉంది. అయితే నెలంతా ఒకరి మొహం ఒకరు చూసుకోవద్దని మాత్రం ఎవరూ అనలేదు. ఆదివారం పూట ఆయన గుంటూరులో బస్సెక్కి వచ్చేవారు, నేను ఆటోలో నది వైపు వెళ్లేదాన్ని. అమ్మకి తెలుసు, అత్తయ్యకీ తెలుసు. అల్లుడు ఇంటికొచ్చి తినే యోగం లేకపోయిందని అమ్మ స్టీలు డబ్బాలో గారెలు, చిన్న డబ్బాలో అల్లప్పచ్చడి విడిగా పెట్టి, పైన తువ్వాలు చుట్టి ఇచ్చేది. కొత్త జంటను ఇంట్లో కలవనివ్వని నెలలో వాళ్లు కలుసుకునేది బయటే కదా.

ఆ ఆదివారం ఇంద్రకీలాద్రి కింద రోడ్డంతా అమ్మవారికి ఆషాఢం సారె తెచ్చిన ఆడవాళ్లతో నిండిపోయింది. ఆ జనంలోంచి తప్పించుకుని నది ఒడ్డున ఒక పార్కులో బెంచీ మీద కూర్చున్నాం. ఇంకా చీకటి పడలేదు. డబ్బా మూత తీశాను. ఇంతలో కర్ర పట్టుకుని గార్డు వచ్చాడు.

"ఏ ఊరు మీది?"

మావారు చెప్పారు.

"ఈమె నీకేమవుద్ది?"

"నా భార్య."

"అందరూ అదే చెప్తారు. తాళి చూపించమను."

నేను ల్యాబులో పని చేస్తాను కాబట్టి శాంపిల్స్ మీద వేలాడకుండా సూత్రాలను కుర్తా లోపలికి వేసుకోవడం అలవాటు. కాళ్లకు బూట్లు, మెట్టెలు కనిపించవు. పక్క బెంచీలవాళ్లు తలలు తిప్పి చూస్తుండగా మెడలోంచి పసుపుతాడు పైకి లాగి చూపించాను. అప్పటికి ఇంకా గొలుసులోకి మార్చుకోలేదు, ముడులు కూడా కొత్తగానే ఉన్నాయి. "తాడుదేముంది, ఎవరైనా కట్టుకోవచ్చు" అన్నాడు. ఆధార్ అడిగాడు. ఆయన కార్డులో గుంటూరు, నా కార్డులో విజయవాడ. ఇంటిపేర్లు వేరు. నా సర్టిఫికెట్లన్నీ పుట్టింటి ఇంటిపేరు మీదే ఉన్నాయి, ఉద్యోగమూ ఆ పేరు మీదే. చివరికి మావారు ఫోన్లో పెళ్లి ఫొటోలు తీశారు. గార్డు ఫోను చేతిలోకి తీసుకుని జీలకర్ర బెల్లం ఫొటో, తలంబ్రాల ఫొటో, అరుంధతి చూపిస్తున్న ఫొటో ఒక్కొక్కటీ వేలితో జరుపుకుంటూ చూశాడు. మా అమ్మ ఏడుస్తున్న అప్పగింతల ఫొటో దాకా చూశాడు. తర్వాత "సరే, ఇక్కడ ఎక్కువసేపు కూర్చోవద్దు" అని వెళ్లిపోయాడు.

మావారు ఒక్కమాట కూడా మాట్లాడలేదు. డబ్బా మూత పెట్టేసి ఇద్దరం పండిట్ నెహ్రూ బస్టాండుకు వచ్చాం. ప్లాట్‌ఫారం మీద బల్ల ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుని గారెలు తిన్నాం. పైన మైకులో బస్సుల పేర్లు చదువుతూనే ఉన్నారు, చుట్టూ సంచులతో జనం. అంతమందిలో ఒక్కరు కూడా మీరెవరని అడగలేదు.

ఈ సంగతి మా ఆడపడుచుకు చెప్తే తను చదువుకున్న కరెంట్ అఫైర్స్‌లోంచి ఒక కేసు చెప్పింది. 2001లో గుజరాత్‌లోని వడోదరలో నవరాత్రుల వేళ రాత్రిపూట బండి మీద వెళ్తున్న, పెళ్లి కుదిరిన ఒక జంటను డ్యూటీలో ఉన్న సీఐఎస్‌ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) కానిస్టేబుల్ ఆపి బెదిరించి, ఆ అబ్బాయి వాచీ తీసుకున్నాడట. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పోలీసులు జనానికి నీతి నేర్పే కాపలాదారులుగా ఉండాల్సిన పని లేదని, అతన్ని తీసేయడం సరైనదేనని 2022 డిసెంబరులో కోర్టు చెప్పింది. యూనిఫాం పోలీసులకే లేని ఆ అధికారం పార్కు గార్డుకు ఎక్కడిది? బహిరంగంగా ఇతరులకు ఇబ్బంది కలిగేలా అసభ్యంగా ప్రవర్తించేవాళ్ల కోసం భారతీయ న్యాయ సంహితలో 296 సెక్షన్ ఉంది. బెంచీ మీద కూర్చుని గారెలు తినడం దాని కిందికి రాదు. మన రాష్ట్రంలో పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటూ 2002లో చట్టం వచ్చింది. మేమూ చేయించుకున్నాం, ఆ కాగితం అత్తయ్య బీరువాలో భద్రంగా ఉంది. పార్కుకు వెళ్లినప్పుడల్లా దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని తిరగమని ఏ చట్టమూ చెప్పలేదు.

పెళ్లయినవాళ్లం కాబట్టి మా గోడు వేరని కూడా నేను అనను. మా ఆడపడుచు వాళ్లన్నయ్యతో కలిసి నది ఒడ్డున కూర్చుంటే ఏం చూపించాలి? అన్నాచెల్లెళ్లకు తాళి ఉండదు, సర్టిఫికెట్ ఉండదు. ఒకే కాలేజీలో చదివిన ఇద్దరు స్నేహితులకు అసలేమీ ఉండదు. తప్పు పని చేయనివాళ్లను ఎవరినీ ఏదీ అడగకూడదు.

బయట తిరగడమే తప్ప పెద్దల ఇళ్లకు పోరని కొత్త జంటల మీద ఇంకో మాట ఉంది. మా సంగతి చెబుతాను. తెనాలిలో మావారి పిన్నిగారింటికి, మంగళగిరిలో మా పెదనాన్నగారింటికి, ఇంకా పెళ్లికి రాలేకపోయిన అందరి ఇళ్లకూ వెళ్లాం. కొండెక్కి పానకాల స్వామికి పానకం పోయించాం. శ్రావణ మంగళవారాలకు నేను మళ్లీ పుట్టింటికి, సంక్రాంతికి ఆయన కొత్త అల్లుడిగా మా ఇంటికి. అన్నిచోట్లా ఆదరంగా చూశారు. కానీ బంధువుల ఇంటికి జంటగా వెళ్లినా గడప దాటగానే విడిపోతాం. ఆయన ముందు గదిలో మగవాళ్లతో, నేను వంటింట్లో పిన్నిగారితో. తినేటప్పుడు కూడా మగవాళ్ల పంక్తి ముందు, వడ్డించాక మా పంక్తి. బయల్దేరేటప్పుడు బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ, తాంబూలం చేతిలో పెట్టాక చెప్పుల దగ్గర మళ్లీ కలుస్తాం. మేమిద్దరం మాట్లాడుకోవడానికి దొరికేది తిరుగు ప్రయాణంలో బస్సే.

ఆ బస్సు సంగతి కూడా కొంచెం మారింది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో నాకు సున్నా టికెట్టు, ఆయనకు మామూలు టికెట్టు. నాలాంటి జీతగత్తెకు ఇది పెద్ద ఊరట. అమ్మకు ఒంట్లో బాగాలేదని ఫోనొస్తే డబ్బులు లెక్క చూసుకోకుండా బయల్దేరుతున్నాను. జనం మాత్రం పెరిగారు, ఇద్దరికీ పక్కపక్కన సీటు దొరకడం అరుదు. కండక్టరు నా ఆధార్ కార్డు ఒక్కసారి చూసి టికెట్టు కొట్టి ఇస్తాడు. ఇంటిపేరు ఎవరిదని అడగడు. పక్కన నిలబడ్డ మనిషి నాకేమవుతాడో అడగడు. ప్రతిసారీ ఆ కార్డు వెనక్కి తీసుకునేటప్పుడు పార్కులో గార్డు దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసిన తీరే గుర్తొస్తుంది.

మమ్మల్ని ఎవరూ ఏమీ అడగని ఇంకొక చోటు కూడా ఉంది, గుంటూరు దగ్గర ఉప్పలపాడు. చలికాలంలో ఒక సెలవు రోజు పొద్దున్నే వెళ్లాం. చెరువు మధ్యలో చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. కొమ్మ కనపడనంతగా గూళ్లు. ఒక గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింద సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటుంటే మావారు నా చెయ్యి పట్టుకుని చూపించారు. ఊళ్లో ఒక పెద్దాయన వచ్చి "ఏమ్మా, గుంటూరు నుంచా? అటువైపు నుంచైతే బాగా కనపడతయ్" అని దారి చూపించి వెళ్లిపోయారు. ఆయన అడిగింది మా ఊరొక్కటే. ఆ గట్టు మీద కూర్చునే మేం వేరే ఇంటి విషయం తేల్చుకున్నాం. మామయ్యగారి ఆపరేషన్ అయ్యేదాకా ఆగుదామని నిర్ణయించుకున్నాం.

అయితే ఉప్పలపాడు రోజూ సాయంత్రం పని ముగించుకుని వెళ్లే చోటు కాదు. మా ఇద్దరికీ వీలయ్యేది సాయంత్రాలే. ఉండవల్లి గుహలు పొద్దు గూకకముందే మూసేస్తారు. మంగళగిరి కొండ మీద గుడి మధ్యాహ్నం దాటితే ఉండదు, రాత్రి దేవతలు వస్తారని నమ్మకం, దానికి ఎవరూ ఏమీ అనరు. భవానీ ద్వీపం 133 ఎకరాలు, ఎంత తిరిగినా తరగదు, కానీ సాయంత్రానికి బోట్లు ఆగిపోతాయి, పైనుంచి వరదొస్తే అసలే కదలవు. మాల్‌కు వెళ్తే కూర్చున్నంతసేపూ ఏదో ఒకటి కొనాలి. మిగిలింది నది గట్టు, ఊళ్లో పార్కులు. డబ్బు పెట్టకుండా మామూలు మనుషులు కూర్చోగలిగిన చోట్లు ఇవే.

నాకు ఆ గార్డు మీద పగ లేదు. కాంట్రాక్టు ఉద్యోగం, పొద్దస్తమానం నిలబడి ఉంటాడు. అలా అడగమని పైనుంచి ఎవరో చెప్పి ఉంటారు. గార్డులను తీసేయమని కూడా నేను కోరను. ఘాట్ల మెట్ల మీద, లైటు లేని మూలల్లో సీసాలతో కూర్చునేవాళ్లున్నారు, జంటలను బెదిరించి డబ్బులు గుంజేవాళ్లున్నారు. గార్డు నిలబడాల్సింది ఆ మూలల్లో. తాగినవాడు వెంటపడితే నొక్కడానికి నా ఫోన్లో ఆడవాళ్ల రక్షణకు పోలీసులు పెట్టిన శక్తి యాప్ ఉంది, అత్యవసర నంబరు 112 ఉంది. గార్డే వచ్చి తాళి చూపించమంటే నేను ఏ నంబరుకు చెయ్యాలి?

ఆడవాళ్ల మరుగుదొడ్ల సంగతి కూడా రాయకుండా ఉండలేను. గట్టు మీద రెండు గంటలు కూర్చోవాలంటే నేను మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం తగ్గిస్తాను. ల్యాబులో యూరిన్ ఇన్ఫెక్షన్ రిపోర్టులు రోజూ చూసేదాన్ని, నీళ్లు తాగకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఉన్నవాటికి కొన్నిచోట్ల తాళం, తెరిచి ఉన్నచోట నీళ్లుండవు.

2016లో కృష్ణా పుష్కరాలప్పుడు ఘాట్లకు పెద్ద ఎత్తున పనులు చేశారు. మళ్లీ పుష్కరాలు 2028లో. ఆ పనులకు ఇప్పుడే లెక్కలు వేస్తుంటారు కాబట్టి అందులో బెంచీలు, మెట్ల చివరి దాకా లైట్లు, రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే మరుగుదొడ్లు కలపాలని కోరుతున్నాను. పుష్కరాలు పన్నెండు రోజులుంటాయి, ఆ బెంచీలు తర్వాత పన్నెండేళ్లు ఉండాలి.

గార్డుల విషయానికి మాత్రం 2028 దాకా ఆగనక్కర్లేదు. నది ఒడ్డున ఉన్న పార్కుల్లో సందర్శకులను పెళ్లి రుజువు అడగమని రాతపూర్వకంగా ఆదేశమేదైనా ఉందా, ఉంటే ఏ నిబంధన కింద ఇచ్చారు అని మీ విలేకరి సంబంధిత అధికారులను అడిగి, వాళ్లిచ్చిన జవాబును మీ పత్రికలో వేయాలని మనవి. అలాంటి ఆదేశమే లేకపోతే ఆ మాటే పార్కు గేటు దగ్గర, వేళలు రాసిన బోర్డు కింద, ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరుతో పాటు రాయించమనండి. ఈ ఆషాఢానికి మా పిన్ని కూతురు కొత్త పెళ్లికూతురుగా పుట్టింటికి వస్తుంది. దాని మొగుడూ ఆదివారాల్లో గుంటూరు నుంచే రావాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పట్టాభిపురం, గుంటూరు